తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

(కారు దొంగతనాల నివారణపై జరిగిన అవగాహన సభలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. వైరింగ్, సెన్సర్లు, అన్నిటికంటే ఎక్కువగా కీ ప్రోగ్రామింగ్. కీ పోయిందనో, రిమోట్ పనిచేయడం లేదనో వచ్చేవాళ్ళకి కొత్తది చేసి ఇస్తాను. ఈ పనిలో ఉన్నందువల్ల కారు పోగొట్టుకున్నవాళ్ళు కూడా నా దగ్గరికి వస్తుంటారు. పోయిన కారును నేను తెచ్చివ్వలేనని వాళ్ళకీ తెలుసు. వాళ్ళు వచ్చేది ఒక ప్రశ్న అడగడానికి.

కొన్నేళ్ళ క్రితం ఒకాయన వచ్చి రెండు కీలు నా బల్ల మీద పెట్టారు. “రెండూ నా దగ్గరే ఉన్నాయి. అద్దం పగలలేదు, అలారం మోగలేదు. పొద్దున లేచి చూస్తే కారు లేదు. ఇదెలా జరిగింది?” అని అడిగారు. కారు పోయిన బాధ కంటే, ఇంట్లోవాళ్ళు తన మాట నమ్మడం లేదన్న బాధ ఆయనలో ఎక్కువగా కనిపించింది. రాత్రి తాళం వేశావా, నిజంగా వేశావా అని అందరూ అడుగుతున్నారట. ఆయన వేశారు. ఆయన అశ్రద్ధ ఏమీ లేదు. కాకపోతే ఆయన కీని ఎప్పటిలాగే వీధి తలుపు పక్కన మేకుకు తగిలించారు. కారు పోయింది అక్కడి నుంచి.

“తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని” అని మనకో మాట ఉంది. కార్ల విషయంలో ఈ రోజు జరుగుతున్నది అచ్చంగా అదే. తలుపులకు తాళం వేస్తున్నాం. ఆ తాళాన్ని తీయగలిగే మాటను మాత్రం రాత్రంతా బయటికి వినబడే చోట వదిలేస్తున్నాం. కారును కాపాడుకోవడమంటే ఇప్పుడు ముందుగా కీని కాపాడుకోవడం. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కీ జేబులోంచి తీయకుండానే తలుపు తెరుచుకునే కార్లు ఇప్పుడు చాలామందికి ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో ముందు చూద్దాం. మీరు హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు ఒక పిలుపు పంపుతుంది. సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ అది. ఒకటి రెండు మీటర్లు దాటి పోదు. జేబులో ఉన్న కీ ఆ పిలుపు విని, 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో రహస్య సంకేతంతో బదులిస్తుంది. ఈ బదులు మాత్రం దూరం పోగలదు. పిలుపు దగ్గరికే వినబడుతుంది కాబట్టి, బదులు వచ్చిందంటే కీ పక్కనే ఉందని కారు లెక్క వేసుకుంటుంది. లోపం ఆ లెక్కలో ఉంది.

దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు కారు దగ్గర నిలబడతాడు, ఇంకొకడు మీ తలుపు దగ్గరో కిటికీ దగ్గరో. మొదటివాడి చేతిలో ఉన్న పరికరం కారు పిలుపును అందుకుని రెండోవాడికి చేరవేస్తుంది. రెండోవాడి పరికరం ఆ పిలుపును గోడ అవతల ఉన్న మీ కీకి వినిపిస్తుంది. యజమాని కారు పక్కనే ఉన్నాడనుకుని కీ నిజాయితీగా బదులిస్తుంది. ఆ బదులు కారుకు చేరుతుంది. తలుపు తెరుచుకుంటుంది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. దీన్ని రిలే పద్ధతి అంటారు. ఇక్కడ ఎవరూ ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించలేదు. భాష తెలియనివాడు కూడా ఒకరి ఉత్తరం తీసుకెళ్ళి ఇంకొకరికి ఇవ్వగలడు కదా, అంతే. అందుకే కంపెనీవాళ్ళు “మా సంకేతం చాలా గట్టిది” అని చెప్పినా ఈ దాడి ఆగదు. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ళ మీద దీన్ని చేసి చూపించారు.

కీ దూరమైపోయాక ఇంజిన్ ఆగిపోదా అని అడుగుతారు. ఆగదు. రోడ్డు మీద వేగంగా వెళ్తుండగా కీ బ్యాటరీ అయిపోయిందని ఇంజిన్ ఆగిపోతే ప్రాణాలకు ముప్పు. అందుకని ఒకసారి స్టార్ట్ అయ్యాక కీ కనబడకపోయినా కారు హెచ్చరిక మాత్రమే ఇస్తుంది, నడుస్తూనే ఉంటుంది. మన భద్రత కోసం పెట్టిన ఏర్పాటే దొంగకు పనికొస్తోంది.

దీనికి మందు చాలా చిన్నది. రేడియో తరంగాలను లోపలికీ బయటికీ పోనివ్వని పౌచ్‌లు దొరుకుతాయి, లోపల లోహపు అల్లిక ఉన్న గుడ్డతో చేస్తారు. ఫారడే పౌచ్ అంటారు. ఇంటికి రాగానే కీ అందులో వేసి మూత పూర్తిగా మూయాలి. స్పేర్ కీని కూడా. ఈ మాట నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది రోజూ వాడే కీని పౌచ్‌లో పెట్టి, స్పేర్ కీని వీధి గది సొరుగులో ఉత్తగా పడేస్తారు. కారుకు రెండూ సమానమే. పౌచ్ కొన్న రోజునే పరీక్షించండి. కీని అందులో పెట్టి, పౌచ్ పట్టుకుని కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే ఆ పౌచ్ పనికిరాదు. మడతల దగ్గర లోపలి అల్లిక మెల్లగా తెగిపోతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. కాబట్టి రెండు మూడు నెలలకోసారి మళ్ళీ పరీక్షించాలి. మీలో కొందరు పౌచ్‌లు తెచ్చుకున్నారని విన్నాను. చివర్లో పార్కింగ్‌లోకి వెళ్ళి అందరివీ పరీక్షిద్దాం.

కొందరు రేకు డబ్బాలో పెడతారు. మూత బిగుతుగా ఉంటే పనిచేయవచ్చు, అదీ పరీక్షించాకే నమ్మండి. మైక్రోవేవ్ ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. ఎవరో ఒకరు చూసుకోకుండా ఆన్ చేస్తారు, కీతో పాటు ఇల్లు కూడా ప్రమాదంలో పడుతుంది.

ఇంకో దారి ఉంది. చాలా కార్లలో ఈ కీలెస్ సౌకర్యాన్నే ఆపేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లోనో, కీ మీద బటన్లు ఒక వరుసలో నొక్కితేనో ఆగుతుంది, మీ కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆపేశాక మామూలు రిమోట్‌లా బటన్ నొక్కి తీసుకోవాలి. కదలకుండా కొన్ని నిమిషాలు ఉంటే తనంతట తానే నిద్రపోయే కీలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. కొత్త మోడళ్ళు కొన్నింటిలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే పద్ధతి ఉంది. కీ నుంచి బదులు రావడానికి ఎంత సమయం పట్టిందో కారు కొలుస్తుంది. రేడియో తరంగం నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి మధ్యలో ఎవరైనా మాట మోస్తే ఆలస్యం బయటపడుతుంది. ఈ సమస్యకు అసలైన పరిష్కారం ఇదేనని నా అభిప్రాయం. కారు కొనేటప్పుడు రంగు గురించి అడిగినట్టే ఇది ఉందా లేదా అని కూడా అడగండి.

కీలెస్ లేని మామూలు రిమోట్ ఉన్నవాళ్ళు మనకేం భయం లేదనుకోకండి. మీరు పార్కింగ్‌లో దిగి, నడుచుకుంటూ వెళ్తూ వెనక్కి చూడకుండా బటన్ నొక్కుతారు. దగ్గర్లో ఎవడో అదే ఫ్రీక్వెన్సీలో రొద పుట్టించే పరికరం పెట్టుకుని కూర్చుంటే మీ సంకేతం కారుకు చేరదు. కారు తెరిచే ఉంటుంది. అందుకే నొక్కాక ఆగండి. ఇండికేటర్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా, తాళం పడిన చప్పుడు వచ్చిందా చూడండి, ఒకసారి హ్యాండిల్ లాగి చూడండి. కీలెస్ కారుకు హ్యాండిల్ పరీక్ష కుదరదు, ఎందుకంటే మీ జేబులో కీ ఉంది కాబట్టి లాగితే తెరుచుకుంటుంది. అక్కడ లైట్లు, అద్దాలనే నమ్మాలి.

ఇక ఇంజిన్ సంగతి. పాత రోజుల్లో అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద రెండు వైర్లు కలిపితే బండి కదిలేది. ఇమ్మొబిలైజర్ వచ్చాక ఆ రోజులు పోయాయి. కీ తలలో చిన్న చిప్ ఉంటుంది. కీ తిప్పగానే కారు ఆ చిప్‌ను ఒక ప్రశ్న అడుగుతుంది, సరైన జవాబు రాకపోతే ఇంజిన్‌కు ఇంధనమో నిప్పురవ్వో అందదు. యూరోపియన్ యూనియన్ 1995లో ఆదేశం ఇచ్చి, 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియాలో 2001లో, కెనడాలో 2007లో తప్పనిసరి అయింది. నెదర్లాండ్స్ గణాంకాలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, 1995 నుంచి 2008 మధ్య కారు దొంగతనాల రేటు ఈ చిప్ వల్ల దాదాపు 40 శాతం తగ్గిందని తేల్చారు.

అది లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ ఇమ్మొబిలైజర్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. 2015 మోడళ్ళలో ఇతర కంపెనీల కార్లు 96 శాతం దీనితోనే వస్తే, హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే ఉండేది. ఆ కార్లను ఎలా తీసుకుపోవచ్చో చూపించే వీడియోలు సోషల్ మీడియాలో పాకాయి. కుర్రాళ్ళు సరదాకి కార్లు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఆ దేశ రహదారి భద్రతా సంస్థ ప్రకటించినప్పటికి కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు జరిగాయి. సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. 8 మరణాలు. ఒక చిప్ పెట్టనందుకు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గొంతు బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ చిప్ ఎంత చిన్నదో, దాన్ని అమర్చడం ఎంత తేలికో నేను రోజూ చూస్తుంటాను. మీ కారు పాతదైతే, అందులో ఇమ్మొబిలైజర్ ఉందో లేదో ఈ వారంలోనే మీ మెకానిక్‌ను అడగండి. లేకపోతే బయట పెట్టించుకోవచ్చు. కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ మార్పు కోసం ఉత్తరం వస్తే పక్కన పడేయకండి.

చిప్ ఉన్న కారును కూడా తీసుకుపోయే దారులు దొంగలు వెతికారు. స్టీరింగ్ కింద మా లాంటివాళ్ళు కంప్యూటర్ తగిలించే ఒక సాకెట్ ఉంటుంది, ఓబీడీ పోర్ట్ అంటాం. లోపలికి చొరబడినవాడు దాని ద్వారా ఖాళీ కీ ఒకటి కొత్తగా నమోదు చేసుకోవడానికి చూస్తాడు. కీ పోగొట్టుకున్న మీకు నేను చేసే సాయమే వాడు దొంగగా చేస్తాడు. ఆ పోర్ట్‌కు తాళం వేసే చిన్న లోహపు మూతలు ఉన్నాయి. పార్కింగ్ చాలాసేపు బయటే ఉండేవాళ్ళకి నేను తప్పకుండా పెట్టించుకోమని చెప్తాను.

రెండోది ఇంకా తెలివైనది. కారు లోపల ఉన్న కంప్యూటర్లన్నీ ఒక వైర్ల జతతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాన్ని క్యాన్ బస్ అంటారు. హెడ్‌లైట్ కూడా దానికి కలిపే ఉంటుంది. 2022లో లండన్‌లో ఒక సైబర్ భద్రతా పరిశోధకుడి సొంత కారు ముందు బంపర్ లాగేసి, హెడ్‌లైట్ వైరు ఊడదీసి కనిపించింది. ఎవరో ఆకతాయి పని అనుకున్నారు. కొంతకాలానికి మళ్ళీ అదే జరిగింది. ఆ తర్వాత కారే పోయింది. ఆయన ఊరుకోలేదు, వెతికి పట్టుకున్నారు. ఆ వైర్ల ద్వారా “సరైన కీ వచ్చింది, తెరువు” అనే దొంగ సందేశాన్ని లోపలికి ఎక్కించే పరికరాన్ని, బ్లూటూత్ స్పీకర్ పెట్టెలో దాచి అమ్ముతున్నారని 2023లో బయటపెట్టారు. ఈ దాడికి పౌచ్ అడ్డు రాదు, కీతో దానికి పనే లేదు.

ఆ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది పరికరం కాదు. కారు పోయేలోపు రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. అంత తెలిసినవాడు కూడా అది దొంగతనానికి ముందస్తు ప్రయత్నమని ఊహించలేకపోయాడు. కాబట్టి మీ కారు బంపర్ మూల ఊడినా, చక్రం పైన ఉండే ప్లాస్టిక్ జారినా, హెడ్‌లైట్ ఉన్నట్టుండి పనిచేయకపోయినా, దగ్గర్లో ఎవరో రాసుకుపోయారని వదిలేయకండి. ఫొటో తీయండి, పోలీసులకు చెప్పండి, ఆ రాత్రికి కారు చోటు మార్చండి.

అలాంటి దాడికి కూడా అడ్డుపడేది ఒకటుంది. అది చాలా పాతది. స్టీరింగ్ మీద అడ్డంగా బిగించే ఇనుప కడ్డీ. గేర్‌కు వేసే తాళం కూడా అలాంటిదే. కారు స్టార్ట్ అయినా తిప్పడానికి వీల్లేకపోతే ఏం లాభం? స్టీరింగ్ చక్రాన్నే కోసి కడ్డీ తీయవచ్చు కదా అని కొందరు అంటారు. తీయవచ్చు. దానికి రంపం కావాలి, కొన్ని నిమిషాలు కావాలి, చప్పుడు అవుతుంది. రిలే పద్ధతిలో నిమిషం లోపల వెళ్ళిపోదామని వచ్చినవాడికి ఆ కొన్ని నిమిషాలు చాలా ఎక్కువ. అద్దంలోంచి కనబడే రంగులో ఉన్నది కొనండి, వాడు తలుపు ముట్టుకోకముందే చూడాలి. ఇది రోజూ బిగించాలి. వారానికి ఒకసారి బిగించేవాళ్ళ కార్లు మిగతా ఆరు రాత్రులూ తాళం లేనివే.

అలారం గురించి ఒక్క మాట. అలారం మోగితే మీరు కిటికీలోంచి చూస్తారా? చేతులెత్తండి. చూశారా, చాలా తక్కువ. గాలికీ పిల్లికీ మోగి మోగి దానికి విలువ పోయింది. ఉంటే మంచిదే, దాని మీదే ఆధారపడకండి.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను, కీ ఎన్ని చేతులు మారుతుందో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. కానీ సర్వీసుకి, వాషింగ్‌కి, వ్యాలెట్ పార్కింగ్‌కి ఇచ్చేటప్పుడు ఇంటి తాళాలతో కలిపి గుత్తి మొత్తం ఇచ్చేస్తాం. కారు కీ ఒక్కటే తీసి ఇవ్వండి. కారు అమ్మకానికి పెట్టినప్పుడు చూడ్డానికి వచ్చినవాడు కీ చేతిలోకి తీసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు అలాగే ఉండే వేరే కీ ఇచ్చి వెళ్ళిపోవచ్చు. వాడు వెళ్ళాక కాదు, వాడు ఉండగానే ఆ కీతో ఒకసారి తాళం వేసి తీసి చూడండి. టెస్ట్ డ్రైవ్‌కి ఒంటరిగా పంపకండి, మధ్యలో సీట్లు మారేటప్పుడు కీ మీ చేతిలోనే ఉండాలి. కొత్త కారు కొన్న సంబరంలో కీ ఫొటో అందరికీ పంపిస్తారు, దయచేసి అది వద్దు. 2008లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు సుమారు 60 మీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోతో మామూలు తాళంచెవి గాట్లు లెక్కగట్టి నకలు చేసి చూపించారు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉన్నారు. మీకు ఒక కీ ఇచ్చారా, రెండా? ఒక్కటే ఇచ్చి రెండోది పోయిందని చెప్తే, ఆ పోయిన కీ ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు. కొనగానే కీ ప్రోగ్రామ్ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కారు జ్ఞాపకంలో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చాలా మోడళ్ళలో చూడవచ్చు. మీ చేతిలో రెండుండగా లోపల మూడు కనబడిన సందర్భాలు నేను చూశాను. పాతవన్నీ తీసేయించి మీవి మాత్రమే నమోదు చేయించుకోండి. కారును ఫోన్ యాప్‌తో తెరిచే సౌకర్యం ఉంటే పాత యజమాని ఖాతా అందులోంచి పోయిందో లేదో కూడా చూడాలి. మీరు అమ్మేటప్పుడు కూడా అంతే, ఖాతా తీసేయండి, నావిగేషన్‌లో ఇల్లు అని దాచిన చిరునామా చెరిపేయండి.

కొనేముందు ఛాసిస్ నంబర్ చూడటం మరవకండి. 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ రావు, అంకెలతో కలిసిపోతాయని వాటిని వాడరు. అవి కనబడితే ఆ నంబర్ దొంగదే. డ్యాష్‌బోర్డ్ మీద, తలుపు దగ్గర, కాగితాల్లో ఒకటే నంబర్ ఉండాలి. రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, చుట్టూ రంగు తేడాగా ఉన్నా ఎంత చవకైనా వదిలేయండి. దొంగ కారును తెలియక కొన్నవాడికి చివరికి కారూ దక్కదు, డబ్బూ దక్కదు.

ఏమ్మా, అడగండి. మైకు ఇవ్వండి ఆమెకి.

ఆమె అడుగుతున్నది ఏమిటంటే, “నా కారుకు కడ్డీ వేస్తే దొంగ పక్కింటివాళ్ళ కారు దగ్గరికి పోతాడు కదా, అది న్యాయమా?” అని. ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదమ్మా. దీనికి చరిత్రలో జవాబుంది. పశ్చిమ జర్మనీలో 1960ల మొదట్లో పాతవీ కొత్తవీ అన్ని కార్లకూ స్టీరింగ్ తాళం తప్పనిసరి చేశారు, దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్‌లో 1971 నుంచి కొత్త కార్లకు మాత్రమే పెట్టారు. దొంగలు పాత కార్ల వైపు తిరిగారు. అంటే మీ అనుమానం నిజమే. పైకి కనబడే రక్షణ కొందరికే ఉంటే, ఆ రక్షణ లేనివాళ్ళ మీద భారం పడుతుంది.

కనబడని రక్షణ సంగతి వేరు. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో లోజాక్ అనే రేడియో పరికరం మొదలైంది. కారులో ఎక్కడో దాస్తారు, పైకి ఏ గుర్తూ ఉండదు, కారు పోయాక పోలీసులు దాని ఆధారంగా వెతుకుతారు. ఏ కారులో అది ఉందో దొంగకు తెలియదు, కాబట్టి ప్రతి కారూ ప్రమాదమే అనిపిస్తుంది. 1998లో దీన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు ఆ పరికరం లేని కార్ల యజమానులకు కూడా మేలు జరిగిందని తేల్చారు. ఇలా కారు ఎక్కడుందో చెప్పే పరికరాన్నే ట్రాకర్ అంటాం. మీరు దాచిపెట్టే ట్రాకర్ మీ పక్కింటివాళ్ళను కూడా కొంత కాపాడుతుంది. అందుకే నేను కడ్డీ, ట్రాకర్ రెండూ ఉండాలంటాను.

ట్రాకర్ కొంటే దానికి సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి, కారు బ్యాటరీ వైరు తీసేస్తే ఆగిపోయేది వద్దు. డ్యాష్‌బోర్డ్ సొరుగులో పెట్టకండి, దొంగ మొదట చూసేది అక్కడే. తాళాలగుత్తికి తగిలించే చిన్న బ్లూటూత్ ట్యాగ్‌లను కూడా కొందరు కారులో దాస్తున్నారు. అవి మనుషులను రహస్యంగా వెంబడించడానికి వాడకుండా, దగ్గర్లో ఉన్న ఫోన్‌కు హెచ్చరిక పంపుతాయి. ఆ ఏర్పాటు ఉండాల్సిందే. కానీ దాని వల్ల దొంగకు కూడా హెచ్చరిక అందవచ్చు. అదొక్కటే చాలనుకోకండి.

దాచిన కిల్ స్విచ్, అంటే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే రహస్య స్విచ్ గురించి వెనకాయన చెయ్యెత్తారు. బాగా పనిచేస్తుంది, నేనూ పెడతాను. అయితే తెలిసినవాడి చేతనే పెట్టించండి. వైరు ఎక్కడ పడితే అక్కడ తెంపి కలిపితే నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. బీమా సంస్థకు ముందే చెప్పండి.

ఇంత చేసినా కారు పోవచ్చు. అప్పుడు వెంటనే పోలీసులకు, తర్వాత బీమావాళ్ళకు చెప్పాలి. కారు నంబర్, ఛాసిస్ నంబర్, కాగితాల ఫొటోలు ఫోన్‌లో ఉంటే ఆ గంటలో టెన్షన్ సగం తగ్గుతుంది. కాగితాల అసలు ప్రతులు కారులో ఉంచాలా వద్దా అన్నది మీ దగ్గర ఉన్న నిబంధన చూసుకోండి. వీలైతే ఉంచకండి. చాలా బీమా సంస్థలు రెండు కీలూ చూపించమంటాయి, స్పేర్ కీ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ట్రాకర్‌లో కారు ఎక్కడుందో కనబడినా మీరు వెళ్ళకండి. ఆ చోటు పోలీసులకు చెప్పండి.

ఎవడైనా కత్తో తుపాకో చూపి కీ అడిగితే ఇచ్చేయండి. ఒక్క మాట కూడా వాదించకండి. కీలు గట్టిపడే కొద్దీ కొందరు దొంగలు నేరుగా మనుషుల మీదికే వస్తున్నారు. లోపల పాప ఉంటే ముందు ఆ మాట గట్టిగా చెప్పి, పాపను తీసుకున్నాకే పక్కకు తప్పుకోండి. ఇక్కడ తల్లిదండ్రులు చాలామంది కనబడుతున్నారు. ఇంజిన్ నడుస్తుండగా, పిల్లలు వెనక సీట్లో ఉండగా ఒక్క నిమిషమే కదా అని దిగి వెళ్ళకండి. అలా నడుస్తున్న కారును ఎత్తుకుపోయినవాడికి వెనక పాప ఉన్న సంగతి చాలాసార్లు తెలియదు. ఆ ఒక్క నిమిషం వద్దు.

ఇంకా ప్రశ్నలు ఉన్నట్టున్నాయి, బయట మాట్లాడుకుందాం. మీ కీలు, పౌచ్‌లు తీసుకుని పార్కింగ్‌లోకి రండి. ఒక్కొక్కరుగా కారు పక్కన నిలబడి పౌచ్ మూసి హ్యాండిల్ లాగుదాం. స్పేర్ కీ ఇంట్లో వదిలి వచ్చినవాళ్ళు, ఈ రాత్రి అది ఏ సొరుగులో ఉందో ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి అడగండి.